పొగ కమ్మిన రోజు సావనదుర్గ ఎక్కవచ్చా?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను, ఎక్కడైనా తేడా ఉంటే సరిదిద్దండి. బెంగళూరు మారతహళ్లి నుంచి మీరు ఆరుగురు మిత్రులు ఈ శనివారం మాగడి దగ్గరి సావనదుర్గ అనే బండ కొండ ఎక్కాలనుకున్నారు. ప్రవేశ రుసుము కట్టేశారు. మాగడి వైపు గుట్టల్లో రెండు రోజులుగా కార్చిచ్చు రేగి దట్టంగా పొగ కమ్మిందని, నిన్న ఆ దారిన వెళ్లొచ్చిన మీ సహోద్యోగి చెప్పారు. ఫోనులో గాలి నాణ్యత సూచీ మాత్రం 92 దగ్గర ఉంది, పక్కనే ‘సంతృప్తికరం’ అని రాసి ఉంది. మీలో ఒకరు ఎన్‌95 మాస్కు ఉంటే చాలన్నారు. ఇంకొకరు బండరాయి కాలదు కదా అన్నారు. ఆరుగురిలో ఒకరికి చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది. వెళ్లవచ్చా? వెళ్లకూడదంటే, మంటలు ఆరిన ఎన్నాళ్లకు వెళ్లవచ్చు?

ఈ శనివారం ఎక్కవద్దు. సూచీ 92 కాదు, 42 ఉన్నా నా జవాబు ఇదే. మీ ప్రశ్నలో గాలి గురించి ఉంది, మాస్కు గురించి ఉంది, రాయి గురించి ఉంది. మంట ఎక్కడుందో మాత్రం లేదు. నాకు కావలసిన మొదటి సమాచారం అదే.

నా గురించి రెండు ముక్కలు. అనంతపురం జిల్లా నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డవాడిని. చాలా ఏళ్లుగా వారాంతాల్లో చిన్న చిన్న బృందాలను రామనగర, తుమకూరు, కోలారు, చిక్కబళ్లాపుర వైపు గుట్టలకు తీసుకెళ్తున్నాను. వైద్యుణ్ని కాను, అటవీ శాఖ మనిషినీ కాను. ఊపిరితిత్తుల విషయంలో నేను చెప్పేదాని మీద చివరి మాట మీ వైద్యుడిదే.

మంట ఎక్కడుందో తెలియకుండా పొగలోకి ఎక్కకూడదు. నా దగ్గర మినహాయింపు లేని నియమం ఇదొక్కటే, మిగతావన్నీ బేరమాడుకోదగ్గవే. మంట 30 కిలోమీటర్ల అవతల ఉండి, గాలి మోసుకొచ్చిన పలుచటి పొగ అయితే అప్పుడు కూర్చుని ఊపిరి గురించి లెక్కలు వేసుకుందాం. మంట ఆ కొండ పాదంలోనో పక్క గుట్టలోనో ఉంటే మాస్కు గురించి చర్చ దండగ.

మరి తెలుసుకునేది ఎలా? నాసా వారి ఫర్మ్స్ పటం, మన భారత అటవీ సర్వే సంస్థ వారి వన్ అగ్ని పోర్టల్ ఉపగ్రహాలు పట్టిన వేడి చుక్కలను చూపిస్తాయి. రెండూ ఉచితం. చుక్కలు చూడటం సులువే, వాటిని చదవడంలోనే చాలామంది బోల్తా పడతారు. వీర్స్ అనే పరికరం చూపే ఒక్కో చుక్క సుమారు 375 మీటర్ల చదరం. నిప్పు ఆ చదరంలో ఏ మూలనైనా ఉండవచ్చు. ఆ పరికరమున్న ఉపగ్రహాలు మన మీదుగా మధ్యాహ్నం ఒకటిన్నర, రాత్రి ఒకటిన్నర ప్రాంతాల్లో వెళ్తాయి. సాయంత్రం నాలుగింటికి ఎవరో గడ్డికి నిప్పు పెడితే అర్ధరాత్రి దాటాక గానీ అది పటంలోకి ఎక్కదు. చెట్ల నీడ కింద నేల మీద పాకే చిన్న మంట అసలు కనబడకనే పోవచ్చు. కాబట్టి చుక్క ఉంటే నమ్మండి, చుక్క లేదన్న సంగతిని మాత్రం నమ్మకండి.

పటం కంటే నాకు మనుషుల మీద గురి ఎక్కువ. అనుమతి ఇచ్చే అటవీ శాఖ కార్యాలయానికి ముందు రోజు సాయంత్రం ఒకసారి, బయలుదేరే ముందు ఇంకోసారి ఫోను చేయండి. సావనదుర్గ పాదంలో వీరభద్రస్వామి గుడి, నరసింహస్వామి గుడి ఉన్నాయి. అక్కడ కొబ్బరికాయలు, మజ్జిగ అమ్ముకునేవాళ్లను అడిగితే రాత్రి ఏ వైపు ఎర్రగా కనిపించిందో, ఏ వేళకు చల్లబడిందో చెబుతారు. వాళ్లు ‘పొద్దున్నుంచి జీపులు తిరుగుతున్నాయి’ అన్నారంటే ఇక పటం తెరిచే పని లేదు.

ఇక మూడోది మీ కళ్లు. తుమకూరు వైపు గుట్టల్లో ఒక పాత ఫారెస్టు వాచరు నాకు పొగ చదవడం నేర్పారు. పొగ పైభాగాన్ని చూడకు, మొదలు చూడు అనేవారు ఆయన. పైకి వెళ్లిన పొగ ఎటైనా తిరుగుతుంది, మొదలు మాత్రం నిప్పు మీదే ఉంటుంది. మొదలు కనిపించకుండా కొండంతా సమానంగా మసక కమ్మిందంటే ఒకటి, మంట చాలా దూరాన ఉండాలి. లేదా మీరు మంటకు మరీ దగ్గరలో ఉండాలి. ఆ రెంటికీ తేడా తేల్చుకోలేని చోట నిలబడి పైకి ఎక్కాలని చూడటం మంచిది కాదు. తెల్లగా, పలుచగా లేస్తే పచ్చి ఆకో, తడి గడ్డో కాలుతున్నట్టు. నల్లబడి సుడి తిరుగుతూ లేస్తే మంట బలంగా ఉన్నట్టు. ఆయనే చూపించిన ఇంకో గుర్తు నాకు మహా ఇష్టం. గద్దలు, ఏట్రింతలు అనే చీలిక తోక నల్ల పిట్టలు గుంపుగా ఒకే గీత వెంట కిందికీ పైకీ దూకుతున్నాయంటే అక్కడ మంట అంచు నడుస్తోందన్నమాట. వేడికి లేచిన మిడతలను, పురుగులను పట్టుకోవడానికి అవి అక్కడ చేరతాయి. పక్షుల గీత ఎటు జరుగుతోందో ఒక పది నిమిషాలు చూస్తే మంట నడక అర్థమవుతుంది. వెదురు ఉన్న అడవి అయితే చెవులతోనూ తెలుసుకోవచ్చు. వేడికి గణుపుల్లో గాలి ఉబ్బి ఒక్కొక్కటీ పేలుతుంటే దూరానికే వినిపిస్తుంది.

మంట కింద ఉండి మీరు పైన ఉండటం అన్నిటికంటే చెడ్డ స్థితి. నిప్పు వాలు మీదికి వేగంగా పాకుతుంది, ఎందుకంటే మంట నాలుకలు పై గడ్డిని ముందే ఎండబెట్టి వేడెక్కిస్తాయి. వాలు 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా వేగం దాదాపు రెట్టింపు అవుతుందని అడవి మంటల లెక్క. అంటే 30 డిగ్రీల వాలులో చదును నేల మీదికంటే సుమారు ఎనిమిది రెట్లు. మనిషి పరుగు దీనికి సరిగ్గా ఎదురు, వాలు పెరిగేకొద్దీ తగ్గిపోతుంది. రెండు బండల మధ్య ఇరుకు గండి ఉంటే అది పొయ్యి గొట్టంలా పనిచేసి వేడిని, పొగను ఒక్కసారిగా పైకి లాగుతుంది. సావనదుర్గ లాంటి గుట్టల మీద మనకు నీడ దొరికేదీ, కూర్చుని నీళ్లు తాగేదీ అలాంటి గండ్లలోనే.

2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో జరిగింది గుర్తుండే ఉంటుంది. చెన్నై నుంచి, ఈరోడ్, తిరుప్పూరు ప్రాంతాల నుంచి వచ్చిన ట్రెకింగ్ బృందాలు తిరుగు దారిలో దిగుతుండగా మంటల్లో చిక్కుకున్నాయి. 20 మందికి పైగా చనిపోయారు. ఎండు గడ్డి నిండిన ఏటవాలు, మధ్యాహ్నపు గాలి, దారి తెలియని చోట చెల్లాచెదురైన మనుషులు. వాళ్లలో చాలామంది మీలాంటివాళ్లే, వారమంతా ఆఫీసులో కూర్చుని శని ఆదివారాలు కొండలెక్కే కుర్రవాళ్లు, అమ్మాయిలు. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. ‘మంటలు ఎక్కడో దూరాన ఉన్నాయిలే’ అన్న మాట నా ముందు ఎవరు అన్నా నాకు ఆ రోజే గుర్తొస్తుంది.

ఇప్పుడు మీ మిత్రుడి వాదన. బండరాయి కాలదు నిజమే, కానీ అది సగం నిజం. సావనదుర్గ పైభాగం చాలావరకు నున్నటి గ్రానైటు. దాని మీద మంట నడవడానికి మేత లేదు. ఆపదలో చిక్కినవాడికి ఖాళీ బండ నిజంగానే మంచి ఆశ్రయం, దాని సంగతి కింద మళ్లీ చెబుతాను. కానీ ఆ బండ మీదికి చేరే దారి పొదల్లోంచే వెళ్తుంది. బండ చీలికల్లో బోదగడ్డి, పాదం చుట్టూ లాంటానా పొదలు ఉంటాయి. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి అవి ఎండిపోయి నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటాయి. మీరు పైన బండ మీద క్షేమంగా ఉండగా కింద దిగే దారి మూసుకుపోతే నీళ్లు లేకుండా, నీడ లేకుండా, పొగలో గంటల తరబడి కూర్చోవాలి. పగటి వేడికి గాలి కొండ వాలు వెంట పైకి పోతుంది కాబట్టి కింది పొగ కూడా మీ దగ్గరికే వస్తుంది.

సరే, మంట నిజంగా దూరానే ఉందనుకుందాం. ఇప్పుడు ఆ 92 సంగతి. ఈ అంకె మీద ఎంత నమ్మకం పెట్టుకుంటున్నారంటే, దాన్ని విడమరచి చెప్పక తప్పదు.

మన దేశపు సూచీ చూపేది సాధారణంగా గడిచిన 24 గంటల సగటు. నిన్నంతా గాలి బాగుండి ఈ ఉదయం ఆరింటికి పొగ దిగితే, ఏడింటికి ఆ అంకె పెద్దగా కదలదు. రెండోది, బెంగళూరు కొలత కేంద్రాలు ఉన్నది పీణ్య, హెబ్బాళ, సిల్క్ బోర్డు లాంటి నగర ప్రాంతాల్లో. సావనదుర్గ బండ మీద ఏ యంత్రమూ లేదు. మీ ఫోను చూపింది నగరం గాలి. మూడోది చాలామందికి తెలియదు. పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లకు లోపు ఉండే సన్నటి ధూళి, పొగలో మనకు ముఖ్యంగా హాని చేసేది అదే. ఘనమీటరు గాలిలో అది 60 మైక్రోగ్రాములు ఉంటే మన సూచీలో 100, అంటే ‘సంతృప్తికరం’ గడికి చివరి మెట్టు. అదే గాలిని అమెరికా సూచీలో కొలిస్తే 150 దాటి ‘అనారోగ్యకరం’ అన్న ఎర్ర గడిలో పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన 24 గంటల పరిమితి 15 మైక్రోగ్రాములే. కొన్ని యాప్‌లు మన సూచీ చూపిస్తాయి, కొన్ని అమెరికా సూచీ చూపిస్తాయి. మీ ఆరుగురి ఫోన్లలో మూడు రకాల అంకెలు వచ్చినా ఆశ్చర్యం లేదు. అందుకని నేను సూచీని పక్కన పెట్టి, పీఎం 2.5 గంట వారీ అంకెను మైక్రోగ్రాముల్లోనే చూస్తాను.

ఆ అంకెలన్నీ ఊరికే కూర్చున్న మనిషికి ఒక అర్థం, కొండెక్కే మనిషికి ఇంకో అర్థం. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 6, 7 లీటర్ల గాలి పీలుస్తాం. నిట్టనిలువు బండ మీద చేతులూ కాళ్లూ వాడి ఎక్కేటప్పుడు అది 50 లీటర్లు దాటుతుంది. పైగా నోటితో పీలుస్తాం, ముక్కు చేసే వడపోత ఉండదు. లెక్క వేసి చూడండి. అలా రెండు గంటలు ఎక్కితే, అదే గాలిలో కదలకుండా కూర్చున్న మనిషి 14 గంటల్లో పీల్చేంత ధూళి లోపలికి పోతుంది.

ఇక్కడ ఉదయపు మాయ ఒకటి ఉంది. పొగ రోజుల్లో జనాన్ని తప్పుదారి పట్టించేది ఎక్కువగా ఇదే. చలికాలం చివర, వేసవి మొదట్లో తెల్లవారుజామున నేల దగ్గరి గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చటి పొర మూతపెట్టినట్టు ఉండి, పొగను లోయల్లోనే నొక్కిపెడుతుంది. కొండ కింద కళ్లు మండుతుంటే కొండ మీద ఆకాశం నీలంగా ఉంటుంది. అది చూసి ‘పైన బాగుంది, పదండి’ అంటారు. తొమ్మిది, పది గంటలకు ఎండ నేలను వేడెక్కించగానే ఆ పొర చెదిరిపోతుంది, రాత్రంతా అడుగున పేరుకున్న పొగ మొత్తం కదిలి పైకి వస్తుంది. సరిగ్గా మీరు పైన ఉప్మా డబ్బా తెరిచే వేళకు.

తుమకూరు వైపు ఒక కోట గుట్ట మీద ఇది కళ్లారా చూశాను. సూర్యోదయానికి ఎక్కాం. కింద తెల్లటి సముద్రం పరుచుకుని ఉంది. అందరూ మబ్బులని మురిసిపోయి ఫోటోలు తీస్తున్నారు. కింద మబ్బులు పరుచుకునే స్కందగిరి కొండ ఎక్కిన అలవాటు! నాకు మాత్రం దాని అంచు నచ్చలేదు. మంచు అంచు తెల్లగా ఉంటుంది, దీని అంచుకు గోధుమ రంగు ఉంది. కాసేపటికి గాలి తిరిగి కాలిన గడ్డి వాసన తెచ్చింది. టీ ఫ్లాస్కులు కూడా తెరవనివ్వకుండా దించేశాను. ఒకాయన దారి పొడుగునా సణిగారు, ఇంత దూరం వచ్చి పది నిమిషాలు కూడా కూర్చోనివ్వలేదని. పది గంటలకు కింద వాహనం దగ్గర నిలబడి వెనక్కి చూస్తే మేం కూర్చున్న బురుజు లేదు, దాని కింది గోడ లేదు, గుట్ట సగం నుంచి పైకి బూడిద రంగే. ఆయన నోరు మెదపలేదు, నేనూ ఏమీ అనలేదు.

ఎన్‌95 గురించి. మంచిదే, సన్నటి ధూళిని 95 శాతం దాకా ఆపుతుంది. తడి చేతిరుమాలు ఆపదు, బట్ట మాస్కు ఆపదు. ఈ రెండూ పెద్ద బూడిద రేణువులను పట్టి, మనం ఏదో చేశామన్న తృప్తిని ఇస్తాయి. ఎన్‌95 కూడా ముఖానికి గట్టిగా అంటుకుంటేనే ఎన్‌95. గడ్డం ఉన్నవాళ్లకు అంచుల్లోంచి గాలి దూరుతుంది. వాయువులను అది ఆపదు. నిప్పుకు దగ్గరలో వచ్చే కార్బన్ మోనాక్సైడు దాని గుండా హాయిగా వెళ్లిపోయి, రక్తంలో హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మాటలో తడబాటు వస్తే అవి ఎండ దెబ్బ లక్షణాల్లాగే ఉండి మోసం చేస్తాయి. ఇంతకంటే పెద్ద ఇబ్బంది మాత్రం నేను ప్రతిసారీ చూసేది. బండ నిటారుగా లేచే చోట ఊపిరి అందక అందరూ మాస్కును గడ్డం కిందికి లాగేస్తారు. ఎక్కువ గాలి పీల్చే చోటే మాస్కు ఉండదు. చదునులో మళ్లీ బుద్ధిగా పెట్టుకుంటారు. పొగ రోజున బస్సులో, ఊళ్లో, ఇంటి గుమ్మం దాటేటప్పుడు ఎన్‌95 వాడండి. దాన్ని నమ్ముకుని కొండెక్కవద్దు.

ఊపిరి గురించి అందరూ అడుగుతారు. కళ్ల గురించి ఎవరూ అడగరు. మామూలు బాటలో నడిచేవాడికి కళ్లు నీరు కారితే చిరాకు, బండ మీద పాకేవాడికి అది ప్రమాదం. పొగలో ఎక్రోలిన్, ఫార్మాల్డిహైడ్ లాంటి మంటెత్తించే వాయువులు ఉంటాయి. నీరు కారిన కన్ను తుడుచుకోవాలంటే ఒక చేయి వదలాలి. ఆ చేతికి అప్పటికే బూడిద అంటి ఉంటుంది, తుడిచినకొద్దీ మంట పెరుగుతుంది. కాంటాక్టు లెన్సులు పెట్టుకున్నవాళ్ల సంగతి ఇక చెప్పనక్కర్లేదు.

దీనికి తోడు వెలుగు. సావనదుర్గ లాంటి నున్నటి గ్రానైటు మీద పాదం ఎక్కడ పెట్టాలో మనకు చెప్పేది నీడే. వేలెడు ఎత్తు అంచు, అరచేయంత గుంట, పెచ్చు లేచిన చోటు, ఇవన్నీ ఏటవాలు ఎండలో తమ చిన్న చిన్న నీడలతోనే కనిపిస్తాయి. దట్టమైన పొగలో ఎండ చెదిరిపోయి నీడలు పడవు. బండంతా ఒకే నారింజ రంగు పలకగా కనిపిస్తుంది. దారి చూపడానికి రాతి మీద వేసిన తెల్ల బాణాలు కూడా అందులో కలిసిపోతాయి. ఎక్కేటప్పుడు ముఖం బండకు దగ్గరగా ఉంటుంది కాబట్టి తడుముకుంటూ పోవచ్చు. దిగేటప్పుడు అదే వాలును పైనుంచి, నిలువెత్తు దూరం నుంచి చూస్తూ అడుగు వేయాలి. మీద సన్నటి బూడిద రాలి ఉందనుకోండి, రబ్బరు అడుగుకూ రాతికీ మధ్య పిండి చల్లినంత పని చేస్తుంది. పొగ రోజున జారిపడటాలు దిగేటప్పుడే ఎక్కువగా చూశాను. అప్పటికి కాళ్లు అలిసి ఉంటాయి, తల బరువెక్కి ఉంటుంది, త్వరగా కిందికి దిగి ఇంటికి పోదామన్న ఆత్రం ఉంటుంది. ఈ చివరిది పొగ కంటే చెడ్డది.

ఉబ్బసం ఉన్న మీ మిత్రుడి విషయం. చిన్నప్పుడు ఉండి తగ్గిపోయిందన్న మాట మీద నాకు నమ్మకం తక్కువ, పొగ పాత ఉబ్బసాన్ని తట్టి లేపగలదు. మా బృందంలో ఒకామెకు కొండ మీద ఏ ఇబ్బందీ కలగలేదు. అందరికంటే హుషారుగా దిగారు. అర్ధరాత్రి దాటాక పిల్లికూతలు మొదలై ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చింది. కొండ మీద బాగున్నారు కాబట్టి పొగ ఏమీ చేయలేదనుకోవద్దు, ప్రభావం గంటల తర్వాత కూడా తేలుతుంది. మీ మిత్రుడు తన వైద్యుణ్ని అడగకుండా పొగలో ఏ శ్రమా చేయకూడదు. వైద్యుడు సరేనన్నా ఇన్‌హేలరు సంచి పైజేబులో ఉండాలి. కారులో ఉంటే లేనట్టే. గుండె జబ్బు ఉన్నవాళ్లకు, గర్భిణులకు, పిల్లలకు నా దగ్గర చర్చ లేదు, పొగ కనిపిస్తే ఇంట్లోనే.

ఎప్పుడైనా, పొగ జాడే లేని రోజున ఎక్కాక మంట రేగి చిక్కుకుపోతే ఏం చేయాలో కూడా చెప్పి ఉంచుతాను. పైకి పరుగెత్తవద్దు. గండ్లలోకి, ఎండు గడ్డిలోకి దిగవద్దు. మంట అంచుకు అడ్డంగా, గాలికి పక్కగా తప్పుకోండి. ఇప్పటికే కాలి నల్లబడ్డ నేల గానీ, గడ్డి మొలవని వెడల్పాటి బండ గానీ చూసుకుని దాని మధ్యకు చేరండి. పెద్ద రాయి చాటున వేడికి వీపు పెట్టి, ముఖం నేలకు దగ్గరగా ఉంచి పడుకోండి, అక్కడి గాలి కాస్త నయంగా ఉంటుంది. 112కు ఫోను చేసి, ఏ కొండ, ఏ వైపు, ఎంతమంది అన్నది ముందు చెప్పండి. ట్రెకింగ్ కోసం కొనుక్కునే పాలిస్టరు చొక్కాలు వేడికి కరిగి ఒంటికి అంటుకుంటాయి. అందుకే వేసవిలో నేను నూలు చొక్కానే వేసుకుంటాను, చెమటకు తడిసి బరువెక్కినా సరే. అన్నిటికంటే ముఖ్యం, విడిపోవద్దు.

డబ్బు కట్టేశామన్నారు. తలకు కట్టింది మీ కారు పెట్రోలు ఖర్చులో ఒక మూలకు రాదు, అది నిర్ణయంలోకి రాకూడదు. ఆన్‌లైన్‌లో అనుమతి దొరికింది కాబట్టి దారి తెరిచే ఉందనీ అనుకోవద్దు. వేసవి మంటల భయంతోనే పశ్చిమ కనుమల్లో కుమార పర్వత, కుద్రేముఖ లాంటి చోట్ల అటవీ శాఖ ఏటా కొన్ని నెలలు దారులు మూసేస్తుంది. రాత్రికి రాత్రి మంట రేగితే మీ పత్రం మీద ఆ కబురు ఉండదు. మూసేసిన చోటికి పక్క దారిన దూరడం అటవీ చట్టం కింద నేరం కూడా. ఈ శనివారం నగరంలో ఏదైనా గది లోపలి క్లైంబింగ్ గోడ దగ్గర గడపండి. చేతులకు పని దొరుకుతుంది.

చివరగా, మంటలు ఆరాక ఎప్పుడు? పొగ తగ్గిన మర్నాడే వెళ్లవద్దు. పైకి చల్లారినట్టున్నా మొద్దులు, వేళ్లు లోలోపల రోజుల తరబడి కుములుతుంటాయి. మొదలు కాలిన చెట్లు గాలి లేకుండానే కూలతాయి. మంట తగిలిన గ్రానైటు పొరలుగా పెచ్చులు లేచి ఉంటుంది. నిన్నటిదాకా గట్టిగా ఉన్న పట్టు చేతికి ఊడి వస్తుంది. కాబట్టి మంట నడిచిన పక్క అయితే ప్రతి పట్టునూ బరువు వేయకముందే పిడికిలితో తట్టి చూడాలి, డొల్ల శబ్దం వస్తే వదిలేయాలి. ఒక మంచి వేసవి జల్లు పడి బూడిద కడుక్కుపోయి, ఆ తర్వాత బండ ఆరడానికి రెండు మూడు పొడి రోజులు గడవనివ్వండి. అప్పుడు కూడా తెల్లవారగానే మొదలుపెట్టి పదింటికల్లా కిందికి రండి. జల్లులు మొదలయ్యే కాలంలో మధ్యాహ్నాలు పిడుగులు పడతాయి, ఆ బండ మీద చాలా చోట్ల మీ ఆరుగురికంటే ఎత్తయినది ఏదీ ఉండదు.